మీ బలమేంటో తెలుసుకోవాలంటే ఏ టెస్ట్ రాయాలి?

“నాకేం రాదు మేడం.”

డిగ్రీ ఫైనలియర్ పిల్లలకు ఇంటర్వ్యూ ప్రాక్టీస్ పెట్టిన ప్రతిసారీ ఈ మాట వింటాను. నేను నల్గొండ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. పుట్టి పెరిగింది పాలమూరు వైపు. “నీలో ఉన్న బలాలేంటి?” అని అడిగితే కొందరు గైడులో చదివిన “హార్డ్‌వర్క్, హానెస్టీ” అప్పజెప్తారు. ఎక్కువమంది తల వంచుకుని నిలబడతారు. వాళ్ల కోసమే నాలుగేళ్ల నుంచి ఈ పర్సనాలిటీ టెస్టుల వెంట పడ్డాను. కొన్ని నేను రాశాను, కొన్ని పిల్లలతో రాయించాను, కొన్నింటి గురించి చదివి వదిలేశాను. ఎవరికి ఏది పనికొస్తుందో, దేనికి డబ్బు పెట్టనక్కర్లేదో నాకు అర్థమైనంత వరకు ఇక్కడ చెప్తాను.

ఏ టెస్ట్ మంచిదని అడిగే ముందు దేనికోసం రాస్తున్నారో తేల్చుకోండి. ఇంటర్ తర్వాత ఏ కోర్సులో చేరాలన్నది ఒక ప్రశ్న. ఇంటర్వ్యూలో నా గురించి ఏం చెప్పుకోవాలన్నది ఇంకో ప్రశ్న. పదేళ్లుగా చేస్తున్న ఉద్యోగం ఎందుకు విసుగొస్తోందన్నది పూర్తిగా వేరే. వడ్లు తూచడానికి తరాజు కావాలి, పాలు పోయడానికి లీటరు కొలత కావాలి. ఈ టెస్టులూ అంతే, ఒక్కోటి ఒక్కో ప్రశ్న కోసం తయారైంది.

నేను ముందుగా రాయమనేది: వయా

మానసిక సమస్యలకు డాక్టర్ల దగ్గర పెద్ద పెద్ద జాబితాలున్నాయి, మనిషిలోని మంచి గుణాలకు అలాంటి జాబితా ఎందుకు ఉండకూడదు అన్న ఆలోచనతో క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 2004లో 24 గుణబలాలను ఆరు గుంపులుగా పేర్చి చూపించారు. ధైర్యం, దయ, నిజాయితీ, న్యాయంగా ఉండటం, ముందుచూపు, కృతజ్ఞత, నేర్చుకోవాలన్న తపన, మొదలుపెట్టిన పని విడవకుండా ముగించడం, నలుగురిని నవ్వించడం ఇలా ఉంటాయి అవి. ఆ జాబితా మీద కట్టిందే వయా (VIA) టెస్ట్. ఇప్పుడు నడుస్తున్న దాంట్లో 96 వాక్యాలుంటాయి. ఒక్కోదానికి “అచ్చం నాలాగే” దగ్గర నుంచి “అస్సలు నాలాగ కాదు” దాకా ఐదు జవాబుల్లో ఒకటి నొక్కాలి. పావుగంట పని. ఈమెయిల్‌తో రిజిస్టర్ అయితే 24 గుణాలనూ మీలో ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి ఉచితంగా చూపిస్తుంది. వివరమైన రిపోర్టు కొనమని కూడా అడుగుతుంది, మన అవసరానికి ఉచిత జాబితా చాలు. 18 నిండని పిల్లలకు వేరే టెస్ట్ ఉంది, పెద్దవాళ్లది వాళ్లతో రాయించొద్దు.

నాకు ఇది ఎందుకు నచ్చిందో కాస్త వివరంగా చెప్పాలి. మన పిల్లలు తమకు తాము మార్కులు వేసుకోమంటే తక్కువ వేసుకుంటారు. ఒక అమ్మాయి “నేను కష్టపడి పనిచేస్తాను” అనే అర్థమొచ్చే వాక్యానికి నడిమి జవాబు నొక్కింది. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచి కాలేజీకి వచ్చే అమ్మాయి. ఎందుకట్లా పెట్టావంటే, “మా అమ్మ పొద్దుగాల అయిదింటికి లేచి పత్తి ఏరనీకి పోతది మేడం, ఆమె ముందట నాదేం కష్టం” అంది. అబద్ధం చెప్పలేదు. కాకపోతే తనను ఎవరితో పోల్చుకుంటోందో టెస్టుకు తెలియదు. ఇంకెక్కడో ఏసీ గదిలో చదువుకునే పిల్ల అదే వాక్యానికి పూర్తి మార్కులు వేసుకుంటుంది. ఇద్దరినీ ఒకే తరాజులో పెట్టి “నువ్వు వంద మందిలో ఇన్నో స్థానం” అని చెప్పే టెస్టులో మా అమ్మాయి వెనకబడిపోతుంది. వయాలో ఆ నష్టం తక్కువ. ఎందుకంటే అన్నింటికీ మార్కులు తగ్గించుకున్నా, మీ 24 గుణాల్లో మీకు ఏది ముందు, ఏది వెనక అన్న వరుస మాత్రం చాలావరకు నిలుస్తుంది.

ఆ అమ్మాయి వరుసలో మొదట వచ్చినవి న్యాయంగా ఉండటం, నిజాయితీ, ముందుచూపు. “ఇవన్నీ అందరికీ ఉంటయ్ కద మేడం” అంది. ఇంట్లో నువ్వు రోజూ చేసే పనులేంటో చెప్పమన్నాను. వంట, బర్రె, తమ్ముడి హోంవర్క్ చెప్పి ఆగింది. ఇంకేమన్నా అంటే, “సంఘం పుస్తకాలు రాస్త, గదేం పని మేడం, మా అమ్మకు రాయరాదు కాబట్టి నేను రాస్త” అంది. తెల్లారి తీసుకురమ్మన్నాను.

పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన పొడుగు రిజిస్టర్. పొదుపు, అప్పు కిస్తు, వడ్డీ, సంతకం అని గళ్లు. పన్నెండు మంది మహిళల పేర్లు, వాళ్లలో నలుగురి ఎదురుగా నీలి వేలిముద్రలు. ప్రతి వరుస చివర పెన్సిల్‌తో చిన్న టిక్కు. ఆ టిక్కులేంటంటే, డబ్బు లెక్కబెట్టాక ఒకసారి, ఇంటికెళ్లి పడుకునే ముందు ఇంకోసారి సరిచూసిన గుర్తు. ఒక నెలలో పది రూపాయలు ఎక్కువొచ్చాయట. ఎక్కువే కదా, పోనీయరాదు అన్నారట అందరూ. ఈ అమ్మాయి చీకటి పడ్డాక ఒక్కో ఇల్లూ తిరిగి, ఎనిమిదో ఇంట్లో పట్టుకుంది. ఆమె కట్టింది 110, పుస్తకంలో పడింది 100. “ఎవరివో ఒకరివి కద మేడం” అంది నాతో.

ఐదేళ్ల నుంచి ఒక్క పైసా తేడా రాకుండా పన్నెండు మంది డబ్బు చూస్తున్న పిల్ల “నాకేం రాదు” అనుకుంటోంది. వయా చేసిందల్లా మూడు మాటలు ఇవ్వడమే. కానీ ఆ మాటలు లేకపోతే రిజిస్టర్ కాలేజీకి వచ్చేది కాదు. తర్వాత ఒక ఫైనాన్స్ ఆఫీసులో ఇంటర్వ్యూకు పోయినప్పుడు “హానెస్టీ” అనకుండా ఈ పది రూపాయల సంగతే చెప్పింది.

వయాతో కుదరనిదీ ఉంది. ఏ కోర్సు చదవాలో, ఏ ఉద్యోగం చేయాలో అది చెప్పదు. జాబితాలో అడుగున ఉన్న గుణాలను చూసి కొందరు కుంగిపోతారు. అడుగున ఉన్నదంటే మీలో లేదని కాదు, మిగతావాటి తర్వాత వస్తుందని మాత్రమే. ధైర్యం ఇరవయ్యో స్థానంలో ఉన్న ఒక అబ్బాయి బావిలో పడ్డ మేకపిల్ల కోసం దిగినవాడు.

డబ్బు పెట్టి రాసేది: క్లిఫ్టన్ స్ట్రెంగ్త్స్

డొనాల్డ్ క్లిఫ్టన్ (1924–2003) నెబ్రాస్కా యూనివర్సిటీలో ప్రొఫెసర్. బలహీనతలు సరిదిద్దుకోవడం మీదే అందరం ఎందుకు పడి ఉంటాం, బాగా వచ్చినదాన్ని ఇంకా బాగా ఎందుకు పెంచుకోం అన్నది ఆయన ప్రశ్న. గ్యాలప్ సంస్థ నడిపే ఈ టెస్టులో 177 జతల వాక్యాలు వస్తాయి. ప్రతి జతలో మీకు ఏది దగ్గరగా ఉందో 20 సెకన్లలో చెప్పాలి. 34 రకాల సహజ ప్రతిభల్లో మీ మొదటి ఐదు చూపిస్తే ఒక ధర, మొత్తం 34 చూపిస్తే ఇంకా ఎక్కువ. మన రూపాయల్లో వేలల్లోనే అవుతుంది.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. వయా “నువ్వు ఎలాంటి మనిషివి” అని చెప్తే, ఇది “నువ్వు పని ఎలా చేస్తావు” అని చెప్తుంది. పని పూర్తి చేసేవాళ్లా, నలుగురిని ఒప్పించేవాళ్లా, మనుషులను కలిపేవాళ్లా, ఆలోచించి దారి చూపేవాళ్లా అని నాలుగు వైపులుగా విడదీస్తుంది. హైదరాబాద్‌లో కంపెనీలో చేస్తున్నవాళ్లు, కంపెనీయే డబ్బు కడతానంటే తప్పకుండా రాయండి. సొంత డబ్బుతో మాత్రం డిగ్రీ పిల్లలు రాయొద్దనే నా సలహా. ధర ఒక కారణం, 20 సెకన్లు అంతకన్నా పెద్ద కారణం. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ వాక్యం చదివి, మనసులో తెలుగులోకి మార్చుకుని, అప్పుడు ఆలోచిస్తారు. ఆ లోపు టైమ్ అయిపోయి తర్వాతి జత వచ్చేస్తుంది. చివరికి వచ్చే ఫలితంలో వాళ్ల స్వభావం ఎంతో, ఇంగ్లిష్ వేగం ఎంతో విడదీయలేం.

నాలుగు అక్షరాల టెస్ట్

ఫోన్లలో అందరికన్నా ఎక్కువ తిరిగేది ఇదే. కార్ల్ యూంగ్ అనే స్విస్ మానసిక శాస్త్రవేత్త 1921లో చెప్పిన ఆలోచనల మీద, కేథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్ అనే తల్లీకూతుళ్లు తయారుచేసింది ఎంబీటీఐ. మనుషులను 16 రకాలుగా విడగొట్టి నాలుగు అక్షరాల పేరు పెడుతుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా కనిపించే “16 పర్సనాలిటీలు” అసలు ఎంబీటీఐ కాదు, అదే తరహా అక్షరాలు వాడే వేరే టెస్ట్.

సరదాగా రాసుకుని స్నేహితులతో మాట్లాడుకోవడానికి ఏ తప్పూ లేదు. దాన్ని నమ్మి నిర్ణయాలు మాత్రం తీసుకోవద్దు. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి కనీసం ఒక అక్షరం మారుతుంది. కారణం సులభం. ఎత్తు విషయంలో ఐదున్నర అడుగుల దగ్గర గీత గీసి, పైనున్నవాళ్లంతా పొడుగు, కిందున్నవాళ్లంతా పొట్టి అంటే ఎలా ఉంటుంది? మనలో ఎక్కువమందిమి ఆ గీత పక్కనే ఉంటాం. ఎంబీటీఐ ప్రచురించే సంస్థే దీన్ని ఉద్యోగాల ఎంపికకు వాడకూడదని చెప్తుంది.

నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. చాలా ఏళ్ల కింద ఒక ట్రైనింగ్‌లో ఇలాంటి టెస్టే పెట్టి, “మీరు లోపలి మనిషి, జనంలో మాట్లాడటం మీకు పడదు” అని కాగితం చేతిలో పెట్టారు. నిజమే అనుకున్నాను. రెండేళ్లు సెమినార్లకు పేరివ్వలేదు, కాలేజీ ఫంక్షన్లలో మైకు దగ్గరికి పోలేదు. రోజుకు నాలుగు క్లాసులు, అరవై మంది పిల్లల ముందు నిలబడి చెప్తున్న మనిషిని, ఆ సంగతే నాకు తట్టలేదు. మనకు ఒక పేరు పెడితే దాంట్లోనే ఉండిపోతాం. అందుకే పిల్లలకు నేను ఈ నాలుగు అక్షరాల జోలికి పోను.

బిగ్ ఫైవ్

పరిశోధకులు ఎక్కువగా నమ్మేది దీన్ని. కొత్తదనం మీద ఇష్టం, క్రమశిక్షణ, కలుపుగోలుతనం, సర్దుకుపోయే తత్వం, టెన్షన్ పడే స్వభావం అనే ఐదు గుణాల్లో మీరు ఎక్కడున్నారో చెప్తుంది. రకాలుగా విడగొట్టదు, కొలత చూపిస్తుంది. లూయిస్ గోల్డ్‌బర్గ్ అనే సైకాలజిస్టు ఎవరైనా వాడుకునేలా ప్రశ్నల నిధిని ఉచితంగా అందుబాటులో పెట్టారు. దాని నుంచి తయారైన 120 ప్రశ్నల టెస్ట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బలాల గురించి తీపి మాటలు చెప్పదు కాబట్టి పిల్లలకు మొదట రుచించదు. పెళ్లయినవాళ్లు, ఒకే ఆఫీసులో కలిసి పనిచేసేవాళ్లు రాసి పోల్చుకుంటే చాలా తగవులకు మూలం అర్థమవుతుంది. అయితే ఇది మిమ్మల్ని ఇతరులతో పోల్చి మార్కు వేస్తుంది, ఆ ఇతరులు ఎక్కువగా మన దేశం వాళ్లు కాకపోవచ్చు. పత్తి చేను సంగతి గుర్తుంచుకుని చదవండి.

కోర్సు ఎంచుకోవాలంటే

ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా? డిగ్రీ సీట్లిచ్చే ‘దోస్త్’ ఆన్‌లైన్ అడ్మిషన్లలో వెబ్ ఆప్షన్లు ఏ వరుసలో పెట్టాలి? ఈ ప్రశ్నలకు బలాల టెస్టులు పనికిరావు. ఆసక్తుల టెస్ట్ కావాలి. జాన్ హాలండ్ 1959లో చెప్పిన పద్ధతిలో పనులు ఆరు రకాలు: చేతులతో చేసేవి, పరిశోధించేవి, కళకు సంబంధించినవి, మనుషులకు సాయపడేవి, నలుగురిని నడిపించేవి, లెక్కా పత్రం పద్ధతిగా చూసేవి. అమెరికా కార్మిక శాఖ ఈ పద్ధతిలో 60 ప్రశ్నల టెస్టును ఉచితంగా పెట్టింది. చివర చూపించే ఉద్యోగాలు అక్కడివి, వాటిని పక్కన పెట్టి మీ ఆరింటి వరుస మాత్రం తీసుకోండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకైతే సీబీఎస్ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి తెచ్చిన ‘తమన్నా’ ఉంది. భాష, లెక్కలు, యంత్రాల అవగాహన లాంటి ఏడు సామర్థ్యాలు చూస్తుంది, పాస్ ఫెయిల్ ఉండదు.

వేలిముద్రలతో చెప్తామనేవాళ్లు

వద్దు. పిల్లల పది వేళ్లు స్కాన్ చేసి, డాక్టరవుతాడా ఇంజనీరవుతాడా చెప్తామని స్కూళ్లలో, షాపుల్లో వేలకు వేలు తీసుకుంటారు. వేలిముద్రల గీతలు తల్లి కడుపులోనే ఏర్పడిపోతాయి. వాటిని చూసి తెలివితేటలు, ఆసక్తులు చెప్పొచ్చనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. అయినా రిపోర్టు చదివిన తల్లిదండ్రులు “అచ్చం మావాడి గురించే రాశారు” అంటారు. దీనికి కారణం 1948లోనే బెర్‌ట్రామ్ ఫోరర్ చూపించారు. తన 39 మంది విద్యార్థులకు టెస్ట్ పెట్టి, ఎవరి ఫలితం వాళ్లదని చెప్పి అందరికీ ఒకే కాగితం ఇచ్చారు. అందులోని వాక్యాల్లో ఎక్కువ భాగం జ్యోతిషం పుస్తకంలోనివి. నీ గురించి ఎంత సరిగ్గా ఉందని అడిగితే, ఐదుకు సగటున 4.26 మార్కులు వేశారు. “నీకు ఇతరుల మెప్పు కావాలి, కానీ నిన్ను నువ్వే ఎక్కువగా తప్పుపట్టుకుంటావు” లాంటి మాట ఎవరికి వర్తించదు? ఏ టెస్ట్ ఫలితం చదివినా, ఈ వాక్యం మా పక్కింటి వాళ్లకూ సరిపోతుందా అని మిమ్మల్ని మీరే ఒక్కసారి అడగండి. సరిపోతే కొట్టేయండి.

టెస్ట్ లేకుండా అడిగి తెలుసుకోవడం

ఇది నాకు అన్నింటికన్నా ఇష్టం. తెలంగాణలో కవులు లేరన్న మాట వచ్చినప్పుడు, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి వాదనతో ఆగలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు తెప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మందిని ఒక్కచోట చూపించారు. మనలో ఏమీ లేదనుకునేటప్పుడు కూడా దారి అదే, అడిగి కూడబెట్టాలి.

మిచిగన్ యూనివర్సిటీలో పరిశోధకులు దీన్ని ఒక పద్ధతిగా తయారుచేశారు. మిమ్మల్ని బాగా ఎరిగిన పది, ఇరవై మందిని అడగాలి. పిల్లలతో నేను ఐదుగురినే అడగమంటాను: ఇంట్లో ఒకరు, ఒక స్నేహితురాలు, ఒక టీచర్, పని దగ్గర ఒకరు, మీతో ఒకప్పుడు గొడవపడినవాళ్లు ఒకరు. “నన్ను పొగడొద్దు. నేను చేసిన పని ఒకటి నీకు మంచిగనిపించింది గుర్తుచేసుకుని, ఏం జరిగిందో చెప్పు” అని అడగాలి. “మంచి పిల్ల” అంటే వద్దనండి, సంఘటనే కావాలి. అమ్మానాన్నలను అడగడానికి సిగ్గుపడతారు మన పిల్లలు, ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమనండి. ఒక అబ్బాయి నాన్న ముంబైలో మట్టిపని మేస్త్రీ. “పండుగకు ఇంటికి వచ్చినప్పుడు నా బ్యాంకు కాగితాలన్నీ చదివి చెప్తవ్, గాబరా పెట్టవ్” అని నాలుగు నిమిషాల మెసేజ్ పంపాడు. కొడుకు దాన్ని స్టాఫ్‌రూమ్‌లో నాకు వినిపిస్తూ మధ్యలో ఆపేశాడు, మళ్లీ బయటికి పోయి విన్నాడు.

ఇక ఎంపిక సంగతి. డిగ్రీ, పీజీ పిల్లలు వయా రాసి, వెంటనే ఐదుగురిని అడగండి. రెండూ కలిపితేనే నిండుతుంది. కోర్సు తేల్చుకోవాల్సినవాళ్లు హాలండ్ టెస్టుతో మొదలుపెట్టండి. ఉద్యోగంలో ఉండి, వేరొకరు డబ్బు కడుతుంటే క్లిఫ్టన్. ఇంట్లో, ఆఫీసులో మనుషులతో పొసగనప్పుడు బిగ్ ఫైవ్. గ్రూప్స్‌కు ఏళ్లుగా చదువుతూ లైబ్రరీల్లో కూర్చునే వాళ్లకు ఇంకో మాట చెప్పాలి. రిజల్ట్ రానప్పుడల్లా “నేను దేనికీ పనికిరాను” అనిపిస్తుంది, ఆ రోజుల్లో ఏ టెస్టూ రాయకండి, అన్నింటికీ తక్కువే వేసుకుంటారు. నిద్ర పట్టక, తిండి సహించక, మనసు మరీ కుంగిపోతుంటే టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

రాసే రోజు పొద్దున పూట, పక్కన ఎవరూ లేకుండా కూర్చోండి. ఎలా ఉండాలనుకుంటున్నారో వదిలేసి, పోయిన నెల రోజుల్లో ఏం చేశారో తలుచుకుని జవాబు నొక్కండి. అర్థం కాని ఇంగ్లిష్ మాటకు డిక్షనరీలో మొదటి అర్థం చూసి ఆగకండి. ‘అసెర్టివ్’ అంటే గట్టిగా మాట్లాడటమనుకుని, పెద్దల ముందు అట్లా ఉండటం తప్పు కదా అని మా క్లాసులో సగం మంది తక్కువ పెట్టారు. ఫలితం వచ్చాక మొదటి ఐదు బలాలను నోట్‌బుక్‌లో రాసి, ఒక్కోదాని ఎదురుగా ఈ ఏడాది జరిగిన ఒక సంఘటన రాయండి, ఎక్కడ, ఎవరితో, ఎంత సేపు అన్న వివరాలతో. సంఘటన దొరకని బలాన్ని పెన్సిల్‌తో కొట్టేయండి. అదే బలం ఎక్కువై ఇబ్బంది పెట్టిన రోజు ఒకటి కూడా పక్కన రాయండి. సంఘం పుస్తకాల అమ్మాయి ‘ముందుచూపు’ ఎదురుగా, “అప్లికేషన్ మళ్లీ మళ్లీ సరిచూసుకుంటూ ఆఖరి తేదీ దాటబెట్టిన” అని రాసింది. పేజీ పైన తేదీ వేసి దాచుకోండి. ఆరు నెలలకు ఇంకోసారి రాసినప్పుడు పాత పేజీ ముందు చూడకుండా, రాశాకే తెరవండి.